కాలిన కథలు ముందుగా తీసుకోబడును

రచయిత కావాలంటే ఇకమీదట కాలేజీ డిగ్రీ తప్పనిసరి అని మా మంత్రిగారు ప్రకటించిన రోజున ఫిజీ దీవుల్లోని మా రాకిరాకిలో కుండపోత వాన. అయినా సభలోంచి ఒక్కరు లేచి వెళ్లలేదు. ఊళ్లో తడవని చోటు సభ పెట్టిన ఆ షెడ్డు ఒక్కటే మరి.

“డిగ్రీ లేని చేతిలో కలం, లైసెన్సు లేని చేతిలో లారీ, రెండూ ఒకటే,” అన్నారు గౌరవనీయ రంగస్వామిగారు. “లారీ గుద్దితే ఒకడో ఇద్దరో పోతారు. కథ గుద్దితే ఎంతమంది పోతారో మన దగ్గర స్టాటిస్టిక్స్ కూడా లేవు.”

చప్పట్లు మోగిపోయాయి. నేనైతే అరచేతులు మంటెత్తేదాకా కొట్టాను. రంగస్వామిగారూ నేనూ మా ఊరి పెనాంగ్ చక్కెర మిల్లు పక్క బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. ఆయన ఆ బెంచీ మీంచి లేచి పార్లమెంటు బెంచీ దాకా వెళ్లారు. నేను లేచి బస్టాండు ఎదురుగా యాంగోనా కొట్టు పెట్టుకున్నాను. యాంగోనా వేరు దంచి, నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పతో తలా ఒకటి తాగందే మా దేశంలో ఏ సర్కారీ పనీ మొదలు కాదు. కాబట్టి మంత్రిగారు ఎక్కడ ఏం ప్రారంభించినా, వేదిక పక్కన కొయ్యగిన్నె ముందేసుకుని ఈ లచ్మన్ కూర్చుని ఉంటాడు. నేను చూడని ప్రారంభోత్సవం లేదు. ఆ తర్వాత ఏమయ్యాయో అడక్కండి, దానికి నన్ను పిలవరు.

సాహిత్యాభివృద్ధి శాఖ రాకముందు ఆయన చేతిలో చెరకు ఉండేది. ఆయన హయాంలో చెరకు ఏటేటా తగ్గుతూ వచ్చింది. పట్టుదల గల మనిషి, ఏ పనీ మధ్యలో వదలరు. అది గమనించిన పెద్దలు ఆయనకి సాహిత్యం అప్పగించారు. సాహిత్యంతో ఒక సౌకర్యం ఉంది, తగ్గినా ఎవరూ ఊరేగింపు తియ్యరు.

ఆ సభలో చెయ్యెత్తిన మనిషి ఒక్కతే, కాంత. నా కొట్టు పక్కన రోటీ పార్సెల్ బండి కాంతదే. ఆమె బంగాళాదుంప రోటీ కోసం లటోకా బస్సు డ్రైవర్లు రాకిరాకిలో ఇంజను పాడైనట్టు నటిస్తారు. పెనాంగ్ మిల్లు మూతపడ్డప్పుడు వాళ్ల నాన్న మునియ్య ఫిట్టరు ఉద్యోగం పోయింది. దాంతోపాటే కాంత చదువు సెకండియర్‌లో ఆగిపోయింది. అప్పట్నుంచీ పొద్దున పిండి పిసుకుతుంది, బేరం లేనప్పుడు కథలు రాస్తుంది. మిల్లు కథలు, మిల్లు లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, మనుషుల కథలు. మా అవ్వల తెలుగూ, మా వీధి హిందీ, బస్టాండు ఇంగ్లీషూ కలిసిపోయిన భాష. సాయంత్రం బండి కట్టేశాక నాన్నకి చదివి వినిపిస్తుంది. నేను కొట్టు మూసి మరీ వెళ్లి వినేవాణ్ణి. నవ్వి నవ్వి పొట్ట చేత్తో పట్టుకుని ఇంటికొస్తే, మా ఆవిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లబోయేది.

మా స్వాతంత్ర్య దినం ఫిజీ డే నాటికి జిల్లాకో పుస్తకం సర్కారు ఖర్చుతో అచ్చు వేస్తామని శాఖవారు అంతకు ముందే చాటించారు. మా జిల్లాలో పుస్తకానికి సరిపడా రాసిపెట్టుకున్నది కాంత ఒక్కతే. అందుకని పుస్తకం ఆమెదే అని ఊరంతా ఖాయం చేసుకుంది. మునియ్య అయితే పుస్తకం పెట్టుకోవడానికి గోడకి చెక్క కూడా కొట్టేశాడు. మిల్లు పోయాక ఆ మనిషి ఈల వేస్తూ పని చెయ్యడం నేను చూసింది ఆ ఒక్కరోజే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

సరిగ్గా అప్పుడొచ్చింది ఈ డిగ్రీ రూలు.

“మంత్రి సాబ్, నాది సగం డిగ్రీ అయింది,” అంది కాంత. “సగం పుస్తకం అన్నా వేస్తారా?”

మంత్రిగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. పెద్దవాళ్లు ఆలోచిస్తుంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో. కాసేపటికి కళ్లు తెరిచి, ఇది చాలా లోతైన ప్రశ్న అనీ, దీనికి కమిటీ వేస్తున్నామనీ చెప్పారు. లోతైన ప్రశ్నలన్నిటినీ మా దగ్గర అందులోనే వేస్తారు.

కమిటీ నా కొట్టు వెనక వరండాలో కూర్చుంది. మంత్రిగారు ఒకరు. శాఖ తరఫున ఫీల్డ్ ఆఫీసర్ బిజేంద్ర మరొకరు. బిజేంద్ర అంతకు ముందు ఇరవై ఏళ్లు చెరకు ఫీల్డ్ ఆఫీసరుగా చేశాడు. మిల్లు మూతపడ్డాక మనిషిని వృథా చెయ్యడం ఇష్టం లేక, అదే టోపీ, అదే జీపుతో సాహిత్యంలోకి బదిలీ చేశారు. మూడో మెంబరు పశువుల డాక్టరు రామ్ ప్రసాద్. ఆయన ఎందుకంటే, జిల్లాలో డిగ్రీ ఉన్నవాళ్లెవరని బిజేంద్ర జీపేసుకుని సర్వే చేశాడు. ఉన్నవాళ్లంతా ఆక్లండ్‌లోనూ బ్రిస్బేన్‌లోనూ తేలారు. ఇక్కడ మిగిలింది రామ్ ప్రసాద్ ఒక్కడే. ఆవులకి వీసా దొరక్కపోవడం వల్ల ఆయనా ఆగిపోయాడు.

గిన్నె రెండు రౌండ్లు తిరిగాక చర్చ మొదలైంది. రామ్ ప్రసాద్ మంచివాడు, ఉన్నమాట చెప్పేశాడు. తనది పశువైద్యం డిగ్రీ అనీ, జీవితంలో మందుచీటీ తప్ప ఇంకేమీ రాయలేదనీ, కథలంటే ఓనమాలు కూడా తెలియవనీ అన్నాడు.

“ఏ డిగ్రీ అని నేను అనలేదు, డాక్టర్ సాబ్,” అన్నారు మంత్రిగారు. “డిగ్రీ అన్నాను.”

కానీ చిక్కు అలాగే ఉంది. డిగ్రీ ఉన్నవాడికి కథలు రావు. కథలు వచ్చినావిడకి డిగ్రీ లేదు. రూలు వెనక్కి తీసుకుందామంటే ప్రకటించి ఇంకా వారం కాలేదు. అందరూ గిన్నె వంక చూస్తూ కూర్చున్నారు. అప్పుడు బిజేంద్రకి తన పాత ఉద్యోగం గుర్తొచ్చింది.

చెరకు కోతకి మా దగ్గరో పద్ధతి ఉంది. చుట్టుపక్కల రైతులంతా కలిసి ఒక గ్యాంగు అవుతారు. గ్యాంగుకి ఒక సర్దారు ఉంటాడు. ఎవరి తోట ముందు నరకాలో, ఎవరిది వెనక నరకాలో టర్న్ వేసేది సర్దారే. మా మిల్లు పోయాక పక్క జిల్లా మిల్లుతో మాట్లాడేదీ ఆయనే.

“సర్, ఇరవై మంది గ్యాంగుకి ఇరవై కత్తులు కావాల. సర్దారు ఒకడు చాలు,” అన్నాడు బిజేంద్ర. “ఇరవై మంది రచయితలకి ఒక్క డిగ్రీ చాలదా?”

మంత్రిగారు లేచి బిజేంద్రని కౌగిలించుకున్నారు. కొబ్బరి చిప్ప కింద పడింది. రామ్ ప్రసాద్ ఏదో అడ్డు చెప్పబోయాడు గానీ, యాంగోనా నాలుగు చిప్పలు దాటితే నాలుక మొద్దుబారుతుంది. మా దేశంలో కమిటీ తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా ఉండటానికి కారణం ఇదే. ఆ విధంగా జిల్లా రచయితల గ్యాంగు పుట్టింది, దానికి పశువుల డాక్టరు సర్దారయ్యాడు.

మర్నాటికల్లా పద్ధతి దేశమంతా పాకింది. ఏ నేలలో ఏ సాహిత్యం పండుతుందో కూడా శాఖవారు తేల్చారు. సింగటోకా లోయలో కూరగాయలు బాగా వస్తాయి కాబట్టి అక్కణ్ణించి కవిత్వం, ఎందుకంటే రెండూ తాజాగా ఉన్నప్పుడే వాడుకోవాలి. డ్రెకేటిలో వరి పండుతుంది, వరికి మందిమార్బలం కావాలి, కాబట్టి అక్కడ నాటకాలు. మాది చెరకు నేల. మాకు కథలు పడ్డాయి.

అంతవరకూ రాకిరాకిలో రచయిత కాంత ఒక్కతే. గ్యాంగు, టర్న్, కోటా అనే మాటలు చెవిన పడగానే ఊరంతా రచయితలైపోయారు. గ్యాంగు ఉందంటే సీజన్ చివర ఏదో ముడుతుందని అందరి నమ్మకం. టాక్సీ డ్రైవర్లు రాశారు. మంగలి రాశాడు, గడ్డాలు సగంలో ఆపి మరీ రాశాడు. చెరకు గ్యాంగులో పేరున్న ప్రతివాడూ కథల గ్యాంగులోనూ పేరు ఇచ్చాడు. బిజేంద్ర వచ్చి నా యాంగోనా కాటా అడిగి పట్టుకెళ్లాడు. కథలు తూచకుండా తీసుకోవడానికి శాఖవారికి వేరే పద్ధతి తెలియదు, పాపం.

టర్న్‌లు చదువు ప్రకారం వేశారు. ముందు డిప్లొమా వాళ్లు, తర్వాత స్కూలు పూర్తి చేసినవాళ్లు, తర్వాత పూర్తి చెయ్యనివాళ్లు, ఆ తర్వాత బడి మొహమే చూడనివాళ్లు. కాంతకి అందరికంటే ఆఖరి టర్న్ వచ్చింది. ఇదేం న్యాయమని నేనే వెళ్లి అడిగాను. బిజేంద్ర నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించాడు. బడికి వెళ్లనివాడు ఏదీ మధ్యలో మానెయ్యలేదు, అతని రికార్డు శుభ్రంగా ఉంది. కాంత డిగ్రీ మొదలుపెట్టి మానేసింది, రేపు కథ కూడా అలాగే మానేస్తే సర్కారు ఎవర్ని పట్టుకోవాలి? వింటుంటే నిజమేననిపించింది. బయటికొచ్చాక అనిపించలేదు.

సర్దారు హోదాలో రామ్ ప్రసాద్ కాంత కట్ట తీసి చూశాడు. ఎత్తి బరువు చూశాడు, అంచులు నొక్కి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు.

“ఇది ఎన్నో ఈత, బేటీ?”

“మొదటిదే, డాక్టర్ సాబ్.”

“తొలిచూలు కొంచెం కష్టపెడుతుంది. ఓపిక పట్టాల,” అని భుజం తట్టి పంపించాడు.

లెక్క చూస్తే కాంత టర్న్ వచ్చేసరికి ఫిజీ డే దాటిపోతుంది. జిల్లాకి పుస్తకం ఒక్కటే, అది ముందు చేరినవాళ్లది. అంటే మంగలిదో టాక్సీ డ్రైవరుదో అవుతుంది. ఆ రోజు కాంత రోటీలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. లటోకా డ్రైవరు కిక్కురుమనకుండా తిని వెళ్లాడు. మునియ్య బండి పక్క స్టూలు మీద కూర్చుని ఆ ఉప్పు లేని రోటీనే ఒకటి తిన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

“బిడ్డా, మన తోటకి టర్న్ రాని ఏడు మనం ఏం చేస్తా ఉండేది?”

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. తోట తగలబడిందనుకోండి, ఆ చెరకుని గబగబా ఆడించెయ్యాలి, లేకపోతే తీపి పోతుంది. అందుకని కాలిన చెరకు ఎవరిదైనా సరే, టర్న్ చూడకుండా ముందు తీసుకుంటారు. బరువులో కొంత కోత వేస్తారు, అంతే. మరి టర్న్ రాని రైతుల తోటలే ఏరి ఏరి ఎందుకు తగలబడతాయో ఇన్నేళ్లలో ఏ ఆఫీసరూ కనిపెట్టలేకపోయాడు. ఎండలు అలాంటివి.

కాంత నాన్న వంక చూసింది. తర్వాత పెనం వంక చూసింది. ఆ మధ్యాహ్నం రోటీలు ఆపేసి, తన కథల కట్టని ఆ పెనం మీదే పెట్టి అంచులు చుట్టూ మాడేదాకా కాల్చింది. అక్షరం పోకుండా కాల్చడం అందరి వల్లా కాదు. రోజూ రోటీ కాల్చే చెయ్యి కాబట్టి సరిపోయింది.

పొగ ఇంకా వస్తుండగానే పట్టుకెళ్లి బిజేంద్ర టేబుల్ మీద పెట్టింది. నేను కాటా ఎలా ఉందో చూసుకునే వంకతో వెంట వెళ్లాను. బిజేంద్ర తలెత్తలేదు. ముందు ముక్కు కదిలింది. ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే డ్రాయరు లాగి ఎర్ర స్టాంపు తీసింది.

“ఎప్పుడు కాలింది?”

“ఇప్పుడే, భయ్యా.”

“ఆలస్యం అయితే తీపి పోతుంది. ఫస్ట్ లోడ్‌లో పంపిస్తా. కానీ కాలినదానికి కోత ఉంటుంది, నీకు తెలుసుగా.”

“ఉండనీ, భయ్యా. అందరికీ ఉండేదే గదా,” అంది కాంత.

అరగంటలో శాఖ జీపు కాంత కథలతో రాజధాని సువా దారి పట్టింది. టర్న్‌లో ఉన్న మంగలీ, టాక్సీ డ్రైవర్లూ నోరు తెరుచుకుని చూశారు. తెరిచిన నోళ్లు మూసేలోపు సంగతి అర్థమైంది, అందరూ చెరకు ఇళ్లలో పుట్టినవాళ్లే. ఆ సాయంత్రం రాకిరాకిలో ఏ పెరట్లో చూసినా పొగే. ఫైరింజను రెండుసార్లు వచ్చి, తగలబడుతున్నది కథలేనని తెలుసుకుని వెళ్లిపోయింది. మంగలికి అక్షరం మిగిల్చే ఒడుపు లేక మొత్తం కాలిపోయింది. అతను బూడిద తెచ్చి ఇచ్చాడు. బిజేంద్ర తూచి, రసీదు ఇచ్చాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక చివరికి గుమ్మానికి బోర్డు రాయించాడు: కాలిన కథలు ముందుగా తీసుకోబడును.

సువాలో మంత్రిగారు ఆ మాడిన కట్టలు చూసి చలించిపోయారట. ఈ జిల్లా రచయితలు ఎంత కష్టపడి రాస్తున్నారో కాగితాలు చూస్తేనే తెలుస్తోందని రేడియోలో చెప్పారు. ఆ కంఠం అలా వణకడం నేను బడిలో బెత్తం దెబ్బలప్పుడు విన్నాను, మళ్లీ ఇప్పుడే. ఏదైతేనేం, మొదట చేరింది కాంత కట్టే. పుస్తకం కాంతదేనని కబురొచ్చింది. మునియ్య గోడకి కొట్టిన చెక్కని ఊడదీసి, రంగేసి, మళ్లీ కొట్టాడు.

తర్వాత శుభాకాంక్షల సేకరణ మొదలైంది. మా దగ్గర ఏ పుస్తకం వేసినా, ఏ సంఘం సావనీర్ వేసినా, ముందు పెద్దల సందేశాలు ఉండాలి. మంత్రిగారి సందేశం ఉంటే ఆయన పైవాళ్లది లేకపోతే బాగుండదు. పైవాళ్లది ఉంటే పక్కవాళ్లు నొచ్చుకుంటారు. రోడ్ల శాఖ ఇచ్చింది, మత్స్య శాఖ ఇచ్చింది. చేపకి నీరెలాగో జాతికి కథ అలాగని మత్స్య శాఖ సందేశం. సంఘం ప్రెసిడెంటు ఇచ్చారు, సంఘం నుంచి విడిపోయిన సంఘం ప్రెసిడెంటూ ఇచ్చారు. చివరికి అధికారిక యాంగోనా సప్లయరుగా నన్ను కూడా ఒకటి రాయమన్నారు. నాకు డిగ్రీ లేదని గుర్తు చేశాను. సందేశానికి అక్కర్లేదు, ఫోటో చాలు అన్నారు. కొత్త చొక్కా కుట్టించుకుని ఫోటో దిగాను.

ఫిజీ డే రానే వచ్చింది. షెడ్డు నిండా జనం. వేదిక మీద మంత్రిగారు, బిజేంద్ర, రామ్ ప్రసాద్. మెళ్లో పూలమాలతో కాంత. ముందు వరసలో మునియ్య, మిల్లు రోజుల బూట్లకి పాలిష్ పెట్టుకుని వచ్చాడు. యాంగోనా అయ్యాక మంత్రిగారు రిబ్బను లాగి పుస్తకం పైకెత్తారు. దళసరి అట్ట, తళతళలాడే పుస్తకం. పైన పెద్ద అక్షరాల్లో ‘సర్దారు: డాక్టర్ రామ్ ప్రసాద్’ అని ఉంది. కింద చిన్నగా ‘కోత: కాంత’ అని ఉంది. పేరు చిన్నదైతేనేం, అచ్చులో ఉంది గదా అని కాంత మురిసిపోయింది. ముందు వరసలన్నిటికీ ఫ్రీ కాపీలు పంచారు. అందరూ అట్ట నిమిరి, వాసన చూసి, ఒళ్లో పెట్టుకున్నారు.

కాంత వేదిక చివర, నా గిన్నె పక్కన నిలబడి తన కాపీ తెరిచింది. మొదటి పేజీలో సందేశం. తర్వాతి పేజీలో సందేశం. రోడ్లు, చేపలు, రెండు సంఘాలు. నా ఫోటో. నా తర్వాత కృతజ్ఞతలు. కృతజ్ఞతల తర్వాత వెనక అట్ట. కాంత మళ్లీ మొదటికి వచ్చి, నెమ్మదిగా ఒక్కో పేజీ తిప్పింది. తర్వాత పుస్తకాన్ని పట్టుకుని దులిపింది. నేను కూడా తొంగి చూశాను. ఒక్క కథ లేదు.

“భయ్యా, నా కథలు ఏవి?” అని బిజేంద్రని మెల్లిగా అడిగింది.

బిజేంద్ర కూడా మెల్లిగానే చెప్పాడు. అచ్చుకి ఇన్ని పేజీలని కోటా ఉంది. సందేశాలు ఎక్కువయ్యాయి, కొంత కొయ్యాల్సి వచ్చింది. “కాలినదానికి కోత ఉంటుందని ముందే చెప్పినా కదా. సందేశాలు కాల్లేదు, వాటిని ఎట్లా కొయ్యాల? నీవి వచ్చే సీజన్‌కి చూద్దాం.”

నా కడుపు రగిలిపోయింది. ఇరవై ఏళ్లు చెరకు పాడుచేసిన చేత్తో ఇప్పుడు దీన్ని పట్టుకున్నాడు దుర్మార్గుడు అనుకున్నాను. ఫోటో బాగా వచ్చిన మాట నిజమే. అయినా రగిలింది. కాంత ముందు వరసలో నాన్న వంక చూసింది. మునియ్య కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాడు, పుస్తకం గుండెకి ఆనించుకుని నవ్వుతున్నాడు.

అప్పుడే మైకులో, ఇప్పుడు కాంత పుస్తకంలోంచి ఒక కథ చదువుతుంది అని పిలిచారు.

కాంత మైకు దగ్గరికి వెళ్లింది. పుస్తకం తెరిచి పట్టుకుంది. నేను ఉన్న పేజీయే, కొత్త చొక్కా కనబడుతోంది. గొంతు సవరించుకుని కథ చెప్పడం మొదలుపెట్టింది.

మిల్లు లైన్లలో ఒక ఫిట్టరు, ఆయనకో కోడిపుంజు. ఆ పుంజుకి పొద్దూ తెలియదు, వెలుగూ తెలియదు. మిల్లు కూత వేశాకే కూస్తుంది. మిల్లు మూతపడింది, కూత ఆగిపోయింది. పుంజు తెల్లారగట్ల గోడెక్కి, మెడ చాచి మిల్లు వైపు చూస్తూ కూర్చుంటుంది గానీ కూయదు. లైన్లలో ఎవరూ లేవడం లేదు. పిల్లలకి బడి తప్పింది, పెళ్లికొడుక్కి ముహూర్తం తప్పింది. పుంజుని నమ్మించడానికి ఒకాయన శంఖం ఊదాడు. ఇంకొకాయన లారీ హారన్ కొట్టాడు. పాస్టరుగారు వచ్చి చర్చిలో గంటకి బదులు వాయించే దుంగ మోగించారు. పుంజు వాళ్ల వంక జాలిగా చూసి మళ్లీ మిల్లు వైపు తిరిగింది. షెడ్డంతా పడీపడీ నవ్వింది. మంత్రిగారు తొడ చరుచుకుని నవ్వారు.

ఫిట్టరు మాత్రం రోజూ అదే వేళకి లేచి, బూట్లు వేసుకుని, మూసిన గేటు దాకా వెళ్లి తిరిగొస్తాడు. ఒకరోజు, ఎందుకు లేవాలి అనుకున్నాడు. లేవలేదు. ఆ రోజు పుంజు గోడ దిగింది. ఇంట్లోకి నడిచొచ్చి, మంచం కింద బూట్ల పక్కన నిలబడి కూసింది.

కాంత ఆపింది. మునియ్య తల దించుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి, అవి ఎంతకీ ఆగలేదు. నేను కొయ్యగిన్నె వదిలేసి లేచి నిలబడి ఏడ్చాను.

మంత్రిగారు కళ్లు తుడుచుకుంటూ మైకు అందుకున్నారు. “ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన కథ ఇదే,” అన్నారు. “సువాలోనే రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఏడ్చాను. ఇప్పుడు చెప్పండి, డిగ్రీ లేకుండా ఇలాంటి కథ రాయడం సాధ్యమా?”

అందరి చూపూ సర్దారు మీదికి మళ్లింది. రామ్ ప్రసాద్ లేచి, తనదేమీ లేదని చేతులూపాడు. ఆ వినయానికి ఇంకా చప్పట్లు కొట్టారు. కాపీలు అందిన ముందు వరసల వాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు లేచి, తాము కూడా ఈ కథ చదివామనీ, చదువుతుంటే గొంతు పట్టేసిందనీ చెప్పారు. కాపీలు పంచి అప్పటికి ఇంకా గంట కాలేదు.

అప్పుడు మధ్య వరసలోంచి రాజ్‌కుమారి అవ్వ కర్ర ఊతంతో లేచింది. ఆవిడకి చదువు రాదు, ముందు వరసలో కూర్చున్న మనవరాలి కాపీ చేతిలో పట్టుకుంది.

“ఏ పేజీల ఉంది, బేటా?” అంది మంత్రిగారితో. “ఇంటికి పోయి పిల్ల చేత మళ్లీ చదివించుకుంటా.”

మంత్రిగారు నవ్వుతూ పుస్తకం తెరిచారు. ఒక పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. ముందు వరసల వాళ్లు కూడా తెరిచారు. షెడ్డు నిండా కాగితాల గరగర. కొందరు మొదట్నుంచి చివరికి వెళ్లారు, కొందరు చివర్నుంచి మొదటికి వచ్చారు, మధ్యలో అందరూ నా ఫోటో దగ్గర కలిశారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. మంత్రిగారు పుస్తకం మూసి, కళ్లు మూసుకుని, ఆలోచించారు.

తర్వాత కళ్లు తెరిచి, మైకు దగ్గరికి లాక్కుని, దేశ సాహిత్య చరిత్రలో నిలిచిపోయే ప్రకటన చేశారు. “రాసేవాళ్లకి డిగ్రీ పెట్టాం గానీ, చదివేవాళ్లని గాలికి వదిలేశాం. అసలు పొరపాటు అక్కడే జరిగింది. ఇకమీదట పుస్తకం తెరవాలన్నా కాలేజీ డిగ్రీ తప్పనిసరి. డిగ్రీ లేనివాళ్లు తమ కాపీలు ఇప్పుడే, ఇక్కడే మూసి…”

ఆ ప్రకటన మిగతా పాఠం మీకు అందించలేకపోతున్నందుకు క్షమించాలి. నాకే కాదు, షెడ్డులో ఎవరికీ వినబడలేదు. కాంత వేదిక దిగి వాళ్ల నాన్న పక్కన బెంచీ మీద కూర్చుని రెండో కథ మొదలుపెట్టింది. జనమంతా కుర్చీలు అటు తిప్పుకున్నారు.